ఆ రోజు పూనింది అమ్మవారు కాదు, కొరియా కషాయం

తొమ్మిదేళ్ల కిందట మా పేట జాతరలో ఘటం నెత్తిన పెట్టుకుని నేను ఊగిపోయాను. చూసినవాళ్లలో చాలామంది ఇంకా ఉన్నారు. నా కాళ్ల మీద పసుపునీళ్లు పోసి దణ్ణం పెట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటి ఇన్నాళ్లూ గొంతులోనే దాచుకున్నాను. ఆ రోజు నా ఒంటి మీదికి వచ్చింది అమ్మవారు కాదు, కొరియా కషాయం. పొద్దున ఒక సంచి తాగమంటే రెండు తాగాను.

ఓస్ ఇంతేనా అనుకోకండి. ఆ రెండు సంచుల పుణ్యమా అని ఒక మంచి మనిషి పరువు వీధిన పడింది. మూడు బిందెల నీళ్లు నా నెత్తిన పడ్డాయి, నోట్లో మాత్రం ఒక్క చుక్క పడలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను పొట్టకు మందేశాను. పొట్ట తిరిగొచ్చింది, బావ ఊడిపోయాడు.

మాది యాంగోన్, అదే పాత రంగూన్. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు కూత వినబడే సందులో మా ఇల్లు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు. నేను అదే రేవు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని, ఆ బస్తాలు ఎటు వెళ్లాలో కాగితాలు రాస్తాను. తాత దించిన బస్తాలు రెండు తరాల పాటు ఎక్కడికీ పోలేదు, నా నడుము చుట్టూ చేరాయి. నలభై ఏళ్లు నిండేసరికి నూట నాలుగు కిలోలు. మా సందు మొగలో సైకిల్ రిక్షా అతను నన్ను చూడగానే దిగి టైర్లు నొక్కి చూసుకునేవాడు. పక్క సీట్లో ఇంకొకరిని ఎక్కించుకోమంటే, "వెనకాల నడిచి రమ్మనండి" అనేవాడు.

అప్పట్లో ఊరంతా కొరియా పిచ్చి. మా ఆవిడ రమణమ్మ సాయంత్రమైతే టీవీలో కొరియా సీరియల్ పెట్టి, ముఖానికి తడి కాగితం లాంటిదేదో అంటించుకుని కూర్చునేది. పుస్తకం కొని వాళ్ల అక్షరాలు కూడా దిద్దుకుంది. నేను ఊరుకోవాలి కదా. గుడి అరుగు మీద కూర్చుని నలుగురి ముందూ ఉపన్యాసమిచ్చాను. "మన అల్లం, మన మిరియం ఉండగా కొరియావోడి కాళ్లెందుకు పట్టుకోవాల? మన వంటిల్లే ఆసుపత్రి." అందరూ తలలూపారు. ఉపన్యాసాలిచ్చే వాళ్లకు నాదొక సలహా. రేపు మీరే చేయబోయే పనిని ఈరోజు తిట్టకండి.

ఎందుకంటే ఆ తర్వాతి నెలలోనే నేను లత అనే పేటలో ఒక మేడ మీద, కొరియా సంప్రదాయ వైద్యుడి ముందు చొక్కా విప్పి పడుకుని ఉన్నాను. ఆఫీసులో ఒకావిడ అక్కడికి వెళ్లి చిక్కిపోయింది మరి. డాక్టరు నెమ్మదైన మనిషి. నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నాలుక చూశాడు. చెమట ఎలా పడుతుంది, నిద్ర ఎలా పడుతుంది, కోపం వస్తే ఏం చేస్తావు అని అడిగాడు. ఆయన మాటను మ తండార్ అనే అమ్మాయి బర్మీస్‌లోకి మార్చి చెప్పేది. నన్ను 'కో' అని పిలిచేది, అన్నా అన్నట్టు.

"కో అప్పలా, మనుషులు నాలుగు రకాలంటున్నారు డాక్టరు గారు. మీది కాలేయం పెద్దది, ఊపిరితిత్తులు చిన్నవి, ఆ రకం."

"మంచి రకమేనా?"

ఆమె అడిగి చెప్పింది. "లోపలికి వచ్చింది దాచుకుంటారు. బయటికి పోనివ్వరు."

"మా ఆవిడ పాత డబ్బాల గురించి ఇదే మాట అంటుంది నన్ను."

డాక్టరు నవ్వలేదు. పొట్ట మీద సూదులు గుచ్చి సన్నగా కరెంటు పెట్టాడు. వీపు మీద గాజు కప్పులు బోర్లించి గాలి లాగాడు. చెవుల మీద ఆవగింజంత గింజలు పెట్టి ప్లాస్టర్ ముక్కలు అంటించి, ఆకలేసినప్పుడల్లా నొక్కుకోమన్నాడు. చివరికి కషాయం. మూలికలు కాచి, ఒక్కో మోతాదు ఒక్కో సంచిలో పోసి, మూతి అతికించి ఇచ్చారు. సంచి మీద నా పేరు కొరియా అక్షరాల్లో ఉంది.

"ఇది మీ ఒంటికోసమే కాచింది, ఇంకెవరికీ ఇవ్వకండి. రోజుకు మూడు సంచులు, ఒకేసారి రెండు తాగొద్దు. టీ, కాఫీ మానేయాలి. గుండె దడదడమంటే ఆపేసి ఇక్కడికి రావాలి. వారం వారం నాడి చూపించాలి. తిండి మానొద్దు, మధ్యాహ్నం రెండు గుడ్లు తినండి." మ తండార్ ఇదంతా రెండుసార్లు చెప్పింది. డాక్టరు తప్పు ఆవగింజంత కూడా లేదని ముందే రాసేస్తున్నాను. ఉన్న ఆవగింజలన్నీ నా చెవుల మీదే ఉన్నాయి.

ఇంట్లో చెప్పలేదు. సంచులు ఆఫీసు బీరువాలో దాచాను. రుచి మాట అడగకండి, తడిసిన పాత చెప్పును వేపాకుతో కలిపి ఉడికించినట్టుంటుంది. ఆకలి ఎక్కువై రోజంతా రెండు చేతులతో చెవులు నొక్కుకుంటూ కూర్చుంటే, మా మేనేజరు పిలిచి ఏం తప్పు చేశావని అడిగాడు. ఇంట్లో రమణమ్మ అడిగింది.

"సెవి మీద అదేటయ్యా?"

"దోమ కుట్టింది."

"రెండు సెవులూ ఒక్క సోటే కుట్టిందేటి? సదువుకున్న దోమలాగుంది."

ఏదైతేనేం, ఏడు వారాల్లో పన్నెండు కిలోలు తగ్గాను. ఒకరోజు గుడి పెద్ద సన్యాసయ్య బాబాయ్ నన్ను ఆపాడు.

"ఏటిరా అప్పలరాజూ, సగం మనిసివైపోనావు. ఒంట్లో బాగునేదేటి?"

"బాగానే ఉన్నాను బాబాయ్."

"మరేటి సేసినావు?"

ఇక్కడ నిజం చెప్పి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ అదే అరుగు, అదే జనం. అల్లం, మిరియం గురించిన నా ఉపన్యాసం ఇంకా గాలిలో తేలుతూనే ఉంది.

"ఒంటిపూట కూడు బాబాయ్. ఉప్పు మానీసినాను. అంతా అమ్మ దయ."

ఆయన కళ్లు చెమర్చాయి. నాకప్పుడే భయం వేసి ఉండాల్సింది.

మా జాతర సంగతి రెండు ముక్కలు చెప్పాలి. పసుపు పూసి వేపమండలు కట్టిన ఘటాన్ని ఒక మగవాడు చెయ్యి ఆనించకుండా నెత్తిన మోస్తూ పేటంతా తిరగాలి. అంతకుముందు ఇరవై ఒక్క రోజులు దీక్ష. ఒంటిపూట, ఉప్పులేని అన్నం, నీసు ముట్టకూడదు. దీక్ష తప్పినవాడు తానే పక్కకు తప్పుకోవాలి. అప్పటికి పదమూడేళ్లుగా ఆ ఘటం మోస్తున్నది సింహాచలం బావ, మా రమణమ్మ అన్న. బావ జనరేటర్లు బాగుచేస్తాడు. కరెంటు పోయినప్పుడల్లా ఊరు తిట్టుకుంటుంది, బావ పనిముట్ల సంచి భుజాన వేసుకుంటాడు. ఏడాదిలో మిగతా రోజులు ఆయన ఎవరికీ కనబడడు. జాతర రోజు ఆయన కోసం తలుపులన్నీ తెరుచుకునేవి. ఆ ఒక్క రోజు కోసమే బతికేవాడు. కానీ నాలాగే ఒళ్లు చేశాడు. దానికి ముందటేడు చివరి మలుపులో ఆయాసం వచ్చి, ఘటం ఇంకొకరికి అందించాల్సి వచ్చింది.

అందుకని సన్యాసయ్య బాబాయ్ తేల్చేశాడు. "ఈయేడు గటం అప్పలరాజు ఎత్తుతాడు. అమ్మే ఆడిని సన్నంగా సెక్కింది. సింవాచలం పక్కన నడుస్తాడు. ఇద్దరూ దీచ్చ పట్టండి."

బావ మొహం ఒక్క క్షణం వాడింది. అంతే. మర్నాడు తెల్లారగానే మా ఇంటికొచ్చి నా నెత్తి మీద నీళ్లబిందె పెట్టాడు.

"మెడ బిగించకు బావా. బరువు పాదాల్లోకి దిగనియ్. కళ్లు ముందుకి సూడాల, కిందకి సూసినావంటే పోనావే."

ఇరవై ఒక్క రోజులూ నాకు నడక నేర్పాడు, తన ఘటం తన చేత్తో నాకిస్తున్నట్టు. ఒకరోజు బిందె దించుతూ అడిగాడు.

"నానూ నీలాగే ఒంటిపూట తింతన్నాను. నా పొట్ట కరగదేటి బావా?"

నేనేమన్నానో తెలుసా? "బక్తి సాలదేమో బావా" అన్నాను. అప్పటికి నా భక్తి ఎలా ఉందంటే, రోజూ మధ్యాహ్నం ఆఫీసు తలుపు వేసుకుని రెండు ఉడికిన గుడ్లు తింటున్నాను. డాక్టరు మాట కొరియా దాకా నిలబెట్టాను, దీక్ష మాట మా సందు చివరిదాకా కూడా నిలబెట్టలేదు.

జాతర రోజు వచ్చింది. ఎండాకాలం, తొమ్మిదింటికే నేల కాలుతోంది. భయమేసి ధైర్యం కోసం రెండు సంచులు ఒకేసారి తాగాను. చేదు పోవడానికి చిక్కటి టీ రెండు కప్పులు తాగాను. నాడి చూపించుకోవాల్సిన వారం ఎలాగూ ఎగ్గొట్టాను. డాక్టరు వద్దన్నవన్నీ వరసపెట్టి చేశాను, పరీక్షలో ఒక్క ప్రశ్న వదలని విద్యార్థిలాగా.

చొక్కా విప్పగానే నా వీపు చూసి ఒక ముసలమ్మ వెనక్కి జరిగింది. అంతకుముందు వారం పెట్టించుకున్న గాజు కప్పుల మచ్చలు, ఇంకా ఎర్రగా, గుండ్రంగా ఎనిమిది.

"ఇదేటి, ఈడికి అమ్మోరు పోసిందేటి?"

సన్యాసయ్య బాబాయ్ దగ్గరికొచ్చి చూశాడు. "పోయనేదు. అమ్మ తన సేత్తో ముద్దర్లేసింది. దణ్ణమెట్టండి."

పెట్టారు. నా వీపుకు. గాజు కప్పులకు అంతటి గౌరవం కొరియాలో కూడా జరిగి ఉండదు.

మొదటి సందు బాగానే నడిచాను. రెండో సందులో గుండె డప్పు కంటే ముందు పరుగెత్తింది. డప్పువాళ్లు దాన్ని అందుకోవాలని వేగం పెంచారు, వాళ్లను చూసి నా గుండె ఇంకా పెంచింది. మూడో సందులో చేతులు వణికాయి, మోకాళ్లు వణికాయి, నెత్తిన ఘటం వణికింది. నాలుక అంగిట్లో అంటుకుపోయింది.

"పూనింది. అమ్మ పూనింది" అని ఎవరో అరిచారు.

ఊరేగింపు ఆగింది. బావ వెంటనే ఘటం తన చేతుల్లోకి తీసుకుని భుజం ఆనించి నన్ను నిలబెట్టాడు. సన్యాసయ్య బాబాయ్ కర్పూరం వెలిగించాడు.

"ఏటి కావాల తల్లీ? సెప్పు."

"నీళ్లు" అన్నాను. అంతకంటే నిజాయితీగా నేను జీవితంలో ఏమీ అడగలేదు. ఒక బిందె తెచ్చి నా నెత్తిన పోశారు. మళ్లీ నీళ్లన్నాను. ఇంకో బిందె. నోరు తెరిచి ఆకాశం వైపు చూశాను. మహిమ అనుకుని కాళ్ల మీద పసుపునీళ్లు, వెనకనుంచి నెత్తిన మూడో బిందె పోశారు.

"నీకు కోపం ఎందుకు తల్లీ? మాదేటి తప్పు?"

దాహం, దడ, భయం. కడుపులో ఆ గుడ్లన్నీ కోడిపిల్లలై ఒక్కసారి అరిచినట్టనిపించింది. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. "దీచ్చ... దీచ్చ తప్పినోడున్నాడు."

ప్రమాణంగా చెబుతున్నాను, అది నా గురించే. నా భయమే నోరు తెరిచింది. కానీ జనం నా గురించి ఎందుకు అనుకుంటారు? నా వీపున ముద్దర్లున్నాయి. దీక్ష పట్టినవాళ్లం ఇద్దరం. ఒకడు చిక్కాడు, ఇంకొకడికి పొట్ట ఉంది. అందరి కళ్లూ మెల్లగా బావ పొట్ట మీదికి చేరాయి.

"సింవాచలమా తల్లీ?" అన్నాడు సన్యాసయ్య బాబాయ్.

నా తల ఊగింది. మొదటిసారి ఊపింది కషాయం. బాబాయ్ మళ్లీ అడిగాడు. రెండోసారి ఊపింది నేను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను నా భుజాలు దులిపేసుకుని, ఆ బూడిద నన్ను నిలబెట్టిన వాడి భుజాల మీద పోశాను.

బావ ఘటం బాబాయ్ చేతుల్లో పెట్టాడు. ముంజేతి కంకణం తెంపి వేపమండల్లో ఉంచాడు. దారి ఇవ్వమన్నట్టు చెయ్యి చూపి, జనంలోంచి నడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను కొన్నాళ్లు మహానుభావుణ్ణి. పిల్లలకు విబూది పెట్టించుకున్నారు. ఒకావిడ పోయిన తాళంచెవుల గురించి అడిగింది. కషాయం భయంతో మానేశాను. ఏడాది తిరిగేసరికి పోయిన పన్నెండు కిలోలూ చుట్టాలను వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. ఘటం ఎత్తమంటే నడుము నొప్పి అనేవాణ్ణి. బావ మాత్రం మళ్లీ గుడి గడప తొక్కలేదు. జాతర రోజు ఇంటి తలుపు వేసుకుని, బాగుచేయడానికేమీ లేని జనరేటర్ ముందు కూర్చునేవాడని రమణమ్మ చెప్పేది. చెప్పినప్పుడల్లా నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. మధ్యలో కొన్నేళ్లు ఊరేగింపులే లేవు. కరోనా, కర్ఫ్యూలు, అందరికీ తెలిసిన కారణాలే. నాకు మాత్రం ఆ కారణాలు చల్లగా తగిలాయి, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

ఈ ఏడు జాతరకు ముందు మా ఆఫీసు మేడ మారింది. నా బీరువా సామాను అట్టపెట్టెలో ఇంటికొచ్చింది. రమణమ్మ సర్దుతూ, అడుగున ఉబ్బిపోయిన ఒక సంచి పైకి తీసింది. వెలుతురుకు పట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంది.

"అప్... పల్... లా... రా... జు. రోజుకి మూడు. నీ పేరేటయ్యా కొరియాలో రాసున్నాది?"

సీరియళ్లు చూసే ఆడవాళ్లను వెక్కిరించే మగవాళ్లారా, ఆ అక్షరాలు ఎందుకు నేర్చుకుంటున్నారో ఒకసారి కనుక్కోండి. తేదీ కూడా చదివింది. జాతర నెల, ఆ ఏడే. నేను మొత్తం చెప్పేశాను. గుడ్లతో సహా. ఆవిడ అరుస్తుందనుకున్నాను. సంచి నా చేతిలో పెట్టి మెల్లగా అంది.

"మా అన్న పదమూడేళ్లు మోసినాడు. ఒక్క రోజులో దించీసినావు."

"రమణా, నాను బావ ఇంటికెల్లి..."

"ఇంటికెల్లి సెవిలో సెప్తావేటి? ఎవరి ముందు తలూపినావో ఆల్ల ముందే దించు."

ఆదివారం భజన అయ్యాక గుడిలో అందరూ ఉన్నారు. రమణమ్మ ఏం చెప్పి తెచ్చిందో, బావ కూడా గడప బయట నిలబడి ఉన్నాడు. నేను లేచి గొంతు సవరించుకుని, ఆ రోజు నన్ను పూనింది కషాయమని చెప్పాను. సన్యాసయ్య బాబాయ్‌కి ఇప్పుడు వినబడదు.

"గట్టిగా సెప్పు."

చెప్పాను.

"ఇంకా గట్టిగా."

పక్క సందులో టీ తాగుతున్నవాళ్లు కూడా తిరిగి చూసేలా అరిచాను. "కొరియా కషాయం బాబాయ్. అమ్మోరు కాదు."

"మరి ముద్దర్లో?"

"గాజు కప్పులు."

"నా తాళంసెవులు ఎక్కడున్నాయో సెప్పినావు గదా?" అందొకావిడ, మోసపోయిన గొంతుతో.

"వంటింట్లో ఎతకమన్నాను. ఎవరివైనా అక్కడే ఉంటాయమ్మా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరూ వింటుండగా నేను బావ వైపు తిరిగాను. "దీచ్చ తప్పినోణ్ణి నాను. రోజుకి రెండు గుడ్లు తిన్నాను. మా బావ ఏ తప్పూ సెయ్యలేదు."

బావ తొమ్మిదేళ్లలో మొదటిసారి గడప దాటి లోపలికొచ్చాడు.

"సేసినాను" అన్నాడు.

"ఏటి బావా?"

"మొహింగా తిన్నాను. పందొమ్మిదో రోజు. జనరేటర్ బాగుసెయ్యడానికెల్తే ఆ ఇంటావిడ గిన్నెతో ఎట్టింది. సేపల పులుసులో సేమియాలు, ఆ వాసన. తట్టుకోనేకపోనాను. నివ్వు తలూపినప్పుడు అమ్మ సూసీసిందనుకున్నాను. అందుకే మాటాడకుండా ఎల్లిపోనాను. ఆ రోజు నుంచి మొహింగా ముట్టనేదు, నీసే ముట్టనేదు."

బావ ఇంకో అడుగు నా దగ్గరికి వేశాడు.

"తొమ్మిదేళ్లు బావా. ఈ ఊళ్లో తెల్లారితే సందుకొక కుండ కాగుతాది. ముక్కు మూసుకుని పనికెల్లినాను. నీ కషాయం మాటకా?"

అప్పుడు సరిగ్గా చూశాను. బావకు పొట్ట లేదు. రెల్లుగడ్డిలా సన్నగా, నిటారుగా ఉన్నాడు. నా ఎదురుగా అతను, అతని ఎదురుగా నూట తొమ్మిది కిలోల నేను. ఆ కషాయం శాశ్వతంగా పనిచేసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, వాడు దాన్ని ఒక్క చుక్క తాగలేదు.

సన్యాసయ్య బాబాయ్‌కి పక్కవాళ్లు చెవిలో అంతా చెప్పారు. ఆయన ఆలోచించి తీర్పిచ్చాడు. "ఒకడు గుడ్లు, ఒకడు సేపలు. సేపలోడు తొమ్మిదేళ్లు దీచ్చ సేసినాడు. గటం ఆడిదే. గుడ్లోడు ఎనకాల నీళ్లు మోస్తాడు."

కాబట్టి అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒళ్లు వణికితే, దణ్ణాలు మొదలుకాకముందే ఏం తాగానో చెబుతాను. తప్పెవరిదని ఎవరడిగినా నా తలకాయను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటాను. ఘటం వెనక నడిచేటప్పుడు మోసేవాడి నెత్తిన నీళ్లు పోయను, నోట్లో పోస్తాను. అల్లం, మిరియాల మీద ఉపన్యాసమివ్వను.

ఆ ఆదివారం అక్కడే, మూడు బిందెల నీళ్లు పోయించుకున్న ఈ తలను వంచి, బావకు క్షమాపణ చెప్పుకున్నాను. ఒకటి సరిపోలేదు, రెండు చెప్పాల్సి వచ్చింది. అబద్ధం చెప్పినందుకు ఒకటి. ఆ అబద్ధం నిజమై కూర్చున్నందుకు ఒకటి.